అక్క మెదడు బొమ్మ

మా వీధి చివర మామిడితోట రైతు ఒకాయన ఉండేవాడు. కాయ ముదిరే రోజులొస్తే కోతుల మందలతో ఆయనకి కంటిమీద కునుకుండేది కాదు. నేను సెలవుకి తిరువూరు వచ్చానని తెలిస్తే చాలు, మా గేటు దగ్గర ఆగి మా అక్కతో అనేవాడు.

"ఏం టీచరుగారూ, మీ చెల్లెలు కోతుల మీద రీసెర్చి చేస్తుందంటగా? మా తోటలోవి ఓ లారీకెత్తి తోలుకుపొమ్మనండి. కిరాయి నేనే పెట్టుకుంటా."

నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం విసుక్కునేది కాదు. పక్క మండలంలో హైస్కూల్లో తెలుగు చెప్పేది. ఎవరేం అడిగినా దానికి పాఠం చెప్పినట్టు జవాబు చెప్పడం ఆమెకి అలవాటు.

"అది కాదండీ. మన తలలో ఈ మూల నుంచి ఆ మూలకి దారాలు ఉంటాయి. ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కనుక్కోవాలి. బతికున్న మనిషి తల కోసి చూడలేం కదా? అందుకని మిషనులో పెట్టి బొమ్మ తీస్తారు. పొలంలో నీళ్ళు బోదె వెంటే పారతాయి గానీ గట్టుకి అడ్డంగా పోవు. తలలో ఉన్న తడి కూడా అంతే, దారం వెంటే కదులుతుంది. ఆ కదలికని పట్టుకుని మిషను గీతలు గీస్తుంది. ఆ గీతలు నిజమా, మిషను ఊహా అన్నది తేలాలంటే ఏదో ఒక తల కోసి చూడాలి. దానికే కోతి."

"కోతిని కోస్తారా?" అని ఆయన మొహం అదోలా పెట్టేవాడు. తోటలో కోతుల మీదకి టపాసులు కాల్చి విసిరేవాడే.

"కోస్తారండి," అనేది అక్క, దాచకుండా.

నేను ఎన్ని సెమినార్లలో మాట్లాడినా నా పనిని అంత శుభ్రంగా చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో చెప్పడం వచ్చింది నాకు. తెలుగులో చెప్పడం అక్కకే వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ చదివించిందీ ఆమే. తన పెళ్ళయ్యాక కూడా నన్ను వెంటే ఉంచుకుంది. నేను దూరాన ఒక పెద్ద నగరంలో ల్యాబులో చేరినప్పుడు, తనకి అర్థమయ్యేదాకా వదలకుండా ప్రశ్నలు వేసి, నా పని మొత్తం తెలుసుకుంది.

ఒకసారి వంకాయలు తరుగుతూ అడిగింది. "బొమ్మ తియ్యడం అయ్యాక వాటినేం చేస్తారే?"

"మత్తులోనే పంపించేస్తాం అక్కా. తర్వాత మెదడు తీసి, పల్చగా పొరలు కోసి, మిషను గీసిన గీతలూ అసలు దారాలూ కలిశాయో లేదో చూస్తాం."

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. "పంపించేస్తాం అనకు. చంపేస్తాం అను. చేసే పని చేస్తున్నారు సరే, మాట దగ్గర కూడా మోసమెందుకు?"

ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "దానివల్ల ఎవరికైనా నయమవుతుందా?" అంది.

"ఎప్పటికైనా అవుతుంది."

"ఎప్పటికైనా," అని తల ఊపింది.

నా పని మొత్తం ఒకే ఒక కట్ట గురించి. చెవి వెనక నుంచి బయల్దేరి, విల్లులా వంగి, నుదుటి వైపు పోయే దారాల కట్ట అది. మనిషిలో, ముఖ్యంగా ఎడమవైపు, లావుగా ఉంటుంది. విన్న మాటకీ పలికే మాటకీ మధ్య వంతెన లాంటిదని చాలామంది నమ్ముతారు. కోతిలో అది సన్నగా ఉండి, మనిషిలో వెళ్ళినంత దూరం వెళ్ళదు. మనిషి మాట్లాడతాడు, కోతి మాట్లాడదు, తేడా ఈ దారిలో ఎంత ఉంది అన్నది నా ప్రశ్న. దానికోసం మత్తిచ్చిన కోతుల్ని తువ్వాలులో చుట్టి, వెచ్చగా ఉంచి, మిషను లోపలికి పంపేదాన్ని. ఊపిరి సరిగా ఆడుతోందో లేదో చూస్తూ, మిషను టకటకలు వింటూ గంటలు గంటలు కూర్చునేదాన్ని. మత్తు ఎక్కేముందు అవి వేలు పట్టుకునేవి. ఆ పట్టు గురించి నా థీసిస్‌లో ఎక్కడా రాయలేదు. రాసే చోటు కూడా లేదు అందులో.

పత్తి తీతల రోజుల్లో అక్కకి పక్షవాతం వచ్చింది. స్కూల్లో పిల్లలకి పద్యం చదివి వినిపిస్తోందట. రెండో పాదం దగ్గర మాట మడతపడింది. మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి వచ్చినవి మాటలే కావు. పిల్లలు టీచరుగారు తమాషా చేస్తున్నారనుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వబోయిందట, మొహంలో సగమే నవ్వింది. అప్పుడు చేతిలో సుద్దముక్క జారి, ఆమె బల్ల మీదకి ఒరిగింది.

టీచర్ల గదిలో పడుకోబెట్టారు. షుగరు పడిపోయిందేమోనని ఎవరో గ్లూకోజు కలిపారు. ఊళ్ళో మందులిచ్చే ఆయన వచ్చి, బీపీ చూసి, ఇంజక్షను చేసి, నీరసం అన్నాడు. బావ వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. బావ కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి పైకొచ్చినవాడు. ఆ రోజు ఎక్కడో స్తంభం పడితే అక్కడున్నాడు, ఫోను కలవలేదు. ఆటోలో తిరువూరు, అక్కణ్ణుంచి అంబులెన్సులో మైలవరం మీదుగా విజయవాడ. చేరేసరికి పొద్దు వాలింది. తలలో రక్తం గడ్డని కరిగించే మందు మొదటి కొన్ని గంటల్లోనే పనిచేస్తుంది. ఆ గంటలన్నీ బల్ల మీదా, రోడ్డు మీదా అయిపోయాయి. ఎవర్నీ అనడానికి లేదు. అందరూ తమకి తోచిన మంచే చేశారు. ఆ మంచి తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

నేను మర్నాడు వెళ్ళాను. డాక్టరుగారు రాకముందే ఫిల్ము కిటికీకి ఎత్తి చూశాను. ఎడమవైపు, చెవి పై భాగాన, పెద్ద తెల్లటి మచ్చ. ఆ చోటు నాకు నా ఇంటి గుమ్మం కన్నా బాగా తెలుసు.

"కాలు వస్తుందమ్మా," అన్నారు డాక్టరుగారు. "చెయ్యి కొంచెం రావొచ్చు. మాట కష్టం." తర్వాత నేనేం చేస్తానని అడిగారు. చెప్పాను. "ఓ, మంకీసా!" అని నవ్వి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

అక్క ఇంటికొచ్చింది. కాలు ఈడుస్తూ నడిచేది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కొన్ని వారాలు నోట్లోంచి శబ్దమే లేదు. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఒక మాట వచ్చింది.

"కూర్చో."

బావ చేతిలో గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మేమిద్దరం ఆమె ముందు కూర్చున్నాం. ఇంకో మాట కోసం చూశాం. మళ్ళీ అదే వచ్చింది. ఆ తర్వాత ఆమెకి మిగిలింది ఆ ఒక్క మాటే అని అర్థమైంది. దాహమైతే కూర్చో. కాలు నొప్పి పుడితే కూర్చో. కోపమొస్తే గట్టిగా కూర్చో. ఇన్నేళ్ళు క్లాసులో ఎన్ని వేలసార్లు అందో, అన్ని మాటలూ పోయి అదొక్కటి నిలిచింది. దెబ్బ తగిలిన మెదడు ఒక్కోసారి అలా ఒకే మాటని పట్టుకుని ఉంటుందని నేను చదివాను. చదివినప్పుడు అది ఆసక్తిగా అనిపించింది. వీధిలో పిల్లలు "కూర్చో టీచర్" అని పేరు పెట్టారు.

బావ చెడ్డవాడు కాదు. వంట నేర్చుకున్నాడు, జడ వెయ్యడం నేర్చుకున్నాడు. కానీ ఆమెతో మాట్లాడేటప్పుడు చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచేవాడు, లేదంటే ఆమె అక్కడ లేనట్టే వచ్చినవాళ్ళతో చెప్పేవాడు. "దానికేం తెలీదండీ ఇప్పుడు. పసిపిల్లే అనుకోండి."

"బావా, ఆమెకి వినపడుతుంది. మనం చెప్పేదాంట్లో చాలా భాగం అర్థమవుతుంది కూడా," అన్నాను.

"మరి మాట్లాడదేంటి?"

"అర్థం చేసుకునే చోటు వేరు, పలికించే చోటు వేరు. మధ్యలో ఉన్న దారి పోయింది."

"నువ్వు చెప్పేది కోతుల సంగతి అమ్మాయ్. ఇది మనిషి," అన్నాడు.

అక్క మా ఇద్దరి వంకా చూస్తూ కూర్చుంది. ఆ చూపులో పసిపిల్ల ఏమీ లేదు.

మేం క్రైస్తవులం. మా చర్చి రెండు వీధుల అవతలే. ఒక ఆదివారం బావా నేనూ ఆమెని నడిపించుకుని వెళ్ళాం. ఆరాధనలో అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన అందుకున్నారు. నా పక్క నుంచి ఒక గొంతు లేచింది. అక్కది. మొదటి మాట నుంచి ఆమేన్ దాకా, ఒక్క అక్షరం పోకుండా, క్లాసులో పద్యం చదివినంత స్పష్టంగా చెప్పింది. ముందు వరసలు వెనక్కి తిరిగాయి. ఆడవాళ్ళు ఏడ్చారు. బావ మోకాళ్ళ మీద పడిపోయాడు.

నాకు తెలుసు అదేంటో. చిన్నప్పటి నుంచి బట్టీగా నోటికొచ్చినవి వేరే దారిన వస్తాయి. లెక్కపెట్టడం, వారాల పేర్లు, పాట, ప్రార్థన. వాటికి ఆ తెగిన కట్టతో అంత పని లేదు. చెప్పాలని నోరు తెరిచాను. బావ మొహం చూసి మూసుకున్నాను.

పాస్టరుగారు మైకు తీసుకుని ఆమె దగ్గరికే వచ్చారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "చెప్పమ్మా. దేవుడు నీ జీవితంలో చేసిన కార్యం సంఘానికి చెప్పు."

అక్క మైకు వంక చూసింది. పెదాలు కదిలాయి. మెడ మీద నరం ఉబ్బింది. చెప్పాలన్న మాట ఆమె కళ్ళ దాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను.

"కూర్చో," అంది.

మైకులో అది హాలంతా వినపడింది. ఎవరో ఒక పిల్లాడు నవ్వాడు. పాస్టరుగారు హల్లెలూయా అన్నారు, కొంతమంది అందుకున్నారు, కొంతమంది అందుకోలేదు.

ఆ వారంలో సంఘంలో పెద్దావిడ ఒకామె అరటిపళ్ళు తీసుకుని ఇంటికొచ్చింది. ప్రార్థన చేసింది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, ప్రేమగానే అంది. "ఏమీ అనుకోకమ్మా. నోరులేని జీవాల్ని నువ్వక్కడ ఏమేం చేస్తున్నావో నాకు తెలీదు. ఆ ఉసురు ఊరికే పోదు. మీ అక్క నోరు తీసుకుపోయింది. ఆ ఉద్యోగం మానెయ్యి, దేవుడు దయ చూపిస్తాడు."

అక్క పక్కనే ఉంది. అంతా విన్నది. నేనేదో గట్టిగా అనబోతుంటే ఆమె ఎడంచెయ్యి నా మోకాలి మీద వేసి నొక్కింది. పెద్దావిడ వెళ్ళిపోయాక పళ్ళ సంచి తీసి వాకిట్లో పారేసింది.

నేను మళ్ళీ ల్యాబుకి వెళ్ళాక మా సార్‌తో చెప్పాను. ఆయన తెలుగువాడే. అంతా ఓపిగ్గా విన్నారు. "మీ అక్కగారిని ఇక్కడికి తీసుకురామ్మా. మనతో కలిసి పనిచేసే ఆస్పత్రిలో మనిషికి తీసే పెద్ద మిషను ఉంది. మనం కోతులకి తీసినంత వివరంగా తీద్దాం. ఎంత మిగిలిందో తెలిస్తే మాటలు నేర్పేవాళ్ళకి పనికొస్తుంది," అన్నారు.

"సార్, అది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చూపించకూడదు."

"తప్పకుండా. అదేం మాట?"

బావ సెలవు పెట్టి ఆమెని తీసుకొచ్చాడు. ఆస్పత్రిలో ఇంగ్లీషులో ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు. స్కానుకి ముందు అందరి దగ్గరా తీసుకునేదే. గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టే మనిషి, ఎడం బొటనవేలు ఇంకులో అద్ది నొక్కింది. నొక్కాక ఆ వేలిని చీరకి తుడుచుకుంటూనే ఉంది.

కోతులకి మత్తిస్తాం. అక్కకి ఇవ్వలేదు. కదలకుండా పడుకోవాలంతే. మిషను మోగడం మొదలవగానే లోపలి నుంచి మైకులో "కూర్చో, కూర్చో" అని వినపడింది. నేను లోపలికెళ్ళి ఆమె పాదం పట్టుకుని నిలబడ్డాను. అయ్యేదాకా వదల్లేదు.

రెండు రోజులు కూర్చుని గీతలు గీశాను. కుడివైపు విల్లు నిండుగా వచ్చింది. ఎడమవైపు వెనక నుంచి కొంచెం బయల్దేరి, ఖాళీలోకి వెళ్ళి ఆగిపోయింది. ఎన్నిసార్లు గీసినా అంతే. నేను గీసిన కోతుల బొమ్మల్లో ఆ కట్ట ఆగే చోటికి అది ఎంత దగ్గరో నాకు కనపడుతూనే ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

బావనీ అక్కనీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాను. బావ తెర మీదకి వంగి చాలాసేపు చూశాడు. ఆయన జీవితమంతా తీగలతోనే గడిచింది.

"ఇక్కడ తెగింది. అవునా?"

"అవును బావా."

"తెగిన చోటు తెలిసిందిగా మరి. జాయింటు వెయ్యరా?"

"వెయ్యలేం."

"మీ కోతులకి?"

"వాటికీ వెయ్యలేం. పెద్దయ్యాక తలలో తెగిన దారం మళ్ళీ అతుక్కోదు బావా. పక్కనున్నవి కొంత పని నేర్చుకుంటాయేమోనని నేర్పుతారు. అంతే."

"మరి చూడ్డం ఎందుకు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

అక్క ఎడంచెయ్యి చాపి, చూపుడువేలు ఆ ఖాళీ మీద పెట్టింది. నా వైపు తిరిగి చూసింది. ఆమెకి అంతా తెలుసు. బోదెలు, గట్లు, తడి, దారాలు, నేను చెప్పినవన్నీ ఆమె లోపల ఎక్కడో ఉన్నాయి. బయటికి తెచ్చే దారి మాత్రం తెర మీద లేదు.

కొన్ని నెలల తర్వాత మా నగరంలోనే పెద్ద సదస్సు జరిగింది. సార్ మాట్లాడుతున్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. తెర మీద ముందు అరచేతిలో పట్టే చిన్న కోతి మెదడు, తర్వాత పెద్ద కోతిది, తర్వాత ఆరోగ్యంగా ఉన్న మనిషిది వచ్చాయి. అవన్నీ నాకు తెలిసిన బొమ్మలే, సగం నేను తీసినవే. ఆ తర్వాత నాలుగోది వచ్చింది.

పేరు లేదు. ఊరు లేదు. అయినా ఆ మడతలు నాకు తెలుసు, రెండు రోజులు వాటి మీదే కూర్చున్నాను. అది మా అక్క తల.

"ఇక్కడ," అన్నారు సార్ ఎర్రటి చుక్క తిప్పుతూ, "మనం కోతిలో చేయాలనుకునే ప్రయోగాన్ని ప్రకృతే మనకి చేసిపెట్టింది."

హాల్లో చాలామంది ముందుకి వంగారు. ఆ బొమ్మ బాగుంది. అంత చక్కగా తెగినది దొరకడం అరుదు. నా పక్కనున్నాయన ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు.

చప్పట్లయ్యాక ప్రశ్నలు. వయసు మళ్ళిన ప్రొఫెసరు ఒకావిడ లేచి, "ఆ పేషెంటు ఇప్పుడు ఎలా ఉన్నారు? మాట వచ్చిందా?" అని అడిగింది. సార్ నా వైపు చూపించి, "ఆ వివరాలు మా సహోద్యోగికి తెలుసు," అన్నారు. ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు.

"ఆవిడ మా అక్క," అన్నాను. "తెలుగు టీచరు. ఇప్పుడు మంచినీళ్ళు కావాలని అడగడం కూడా రాదు."

మైకు పట్టుకుని నిలబడే ఉన్నాను. కాసేపటికి అవతలి వైపు నుంచి ఒక కుర్రాడు చెయ్యెత్తి, ఆ బొమ్మ ఎంత సన్నటి కొలతలో తీశారని అడిగాడు. సార్ చెప్పారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న.

బయట వరండాలో, టీ కప్పులు అందించే చోట, సార్ దగ్గరికి వెళ్ళాను.

"ఎవరికీ చూపించనన్నారు సార్."

"పేరెక్కడా పెట్టలేదు కదమ్మా. ఎవరు గుర్తుపడతారు?"

"నేను గుర్తుపట్టాను."

"నువ్వు వేరు." ఆయన గొంతు తగ్గించారు. "చూడు, నువ్వు బాధలో ఉన్నావు. అందరి ముందూ అలా అనడం బాగాలేదు, అయినా నేనేం అనుకోను. పరిశోధనకీ పాఠాలకీ వాడుకోవచ్చని మీ అక్కగారు వేలిముద్ర వేశారు. అది ఆవిడ ఇష్టమే."

"ఆవిడకి అది ఎవరు చదివి వినిపించారు?"

"నువ్వు పక్కనే ఉన్నావు కదా," అన్నారు సార్, టీ ఊదుకుంటూ.

ఆయన అబద్ధం చెప్పలేదు. మా ల్యాబులో ఎవరూ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. కోతులకి కూడా అన్ని అనుమతులూ ఉండేవి.

వ్యాసం అచ్చుకి వెళ్ళేముందు ఆ బొమ్మ తీసెయ్యమని అడిగాను. అది లేకపోతే వ్యాసమే నిలబడదన్నారు. అయితే నా పేరు తీసెయ్యమన్నాను. వెంటనే తీసేశారు. ఇప్పుడది ఎక్కడెక్కడో చదువుతున్నారు. అక్క తల అందులో ఉంది, నేను లేను.

నా కాంట్రాక్టు మళ్ళీ పొడిగించలేదు. కారణం నిధుల కొరత అన్నారు. నిజమే అయ్యుంటుంది కూడా. నేను తిరువూరు వచ్చేశాను. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తున్నాను. నాడీవ్యవస్థ పాఠం వచ్చినప్పుడు కొంచెం ఎక్కువ చెప్పబోతాను. "మేడమ్, ఇది పరీక్షకి వస్తుందా?" అంటారు పిల్లలు. రాదంటాను. పెన్నులు మూసేస్తారు. వాళ్ళని తప్పుపట్టను, నన్నెవరైనా ఆ వయసులో అలా ఆపితే బాగుండేదేమో.

అక్క స్కూలు వదిలేసింది. వదిలేసింది అనడం కూడా తప్పు, వదిలించారు. మెడికల్ బోర్డు ముందు కూర్చోబెడితే అక్కడి పెద్దాయన "నీ పేరు చెప్పమ్మా" అన్నాడు. "కూర్చో" అంది. ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు, మొహం ఎర్రగా చేసుకున్నాడు. బావ క్షమాపణ చెప్పాడు. దారి పొడుగునా అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట కూడా అనలేదు, ఆ ఒక్క మాట కూడా.

విజయవాడలో మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి బస్సులో తీసుకెళ్తుంటాను. ఓపికగల పిల్ల. అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాలు చూపించి, పాటలా సాగదీసి నేర్పుతుంది. నీళ్ళు, అన్నం, వద్దు. ఇలాంటివి కొన్ని వచ్చాయి. పద్యాలు వేల సంఖ్యలో నోటికొచ్చిన మనిషి నీళ్ళు అనగలిగినందుకు ఆ అమ్మాయి చప్పట్లు కొడుతుంది. అక్క మర్యాదకి నవ్వుతుంది. బావ ఇప్పటికీ వచ్చినవాళ్ళతో ఆమె పక్కన కూర్చునే ఆమె గురించి చెప్తాడు. నేను పోట్లాడడం మానేశాను.

ఈ మధ్య సార్ ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక విషయానికొచ్చారు. "ఆ కేసుకి చాలా పేరొచ్చిందమ్మా. ఇన్నేళ్ళ తర్వాత ఇంకొకసారి స్కాన్ తీస్తే, పక్క దారులేమైనా బలపడ్డాయా అని చూడొచ్చు. ఆ కట్ట తెంపిన కోతుల్లో కూడా చూస్తున్నాం. ఈసారి అన్నీ నువ్వు చెప్పినట్టే చేద్దాం. అక్కగారిని అడిగి చూడు."

మేం రామని చెప్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఈసారైనా ఆమెని అడగాలి కదా అనిపించింది.

వరండాలో ఆమె ఎదురుగా కూర్చుని, మెల్లగా, చిన్న చిన్న మాటల్లో అంతా చెప్పాను. వాళ్ళు మళ్ళీ బొమ్మ తీస్తామంటున్నారని. పోయినసారి బొమ్మని పదిమందికీ చూపించారని, పుస్తకంలో వేశారని. అది నేను ఆమెకి అంతకుముందు చెప్పలేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, కాసేపు తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది.

ఎడంచేత్తో తన తల తాకింది. తర్వాత నోరు తాకింది. నా వంక చూసింది.

"లేదక్కా. దానివల్ల మాట రాదు. వాళ్ళు చూస్తారు, రాసుకుంటారు. అంతే. నీకేం ఉండదు."

తల ఊపింది. అర్థమైందని.

"వద్దని చెప్పెయ్యనా?"

వద్దు అనడం ఆమెకి వచ్చు. అనలేదు. లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మంచం మీద సంచి పెట్టుకుని, ఒంటిచేత్తో చీర మడతపెట్టడానికి తంటాలు పడుతోంది. స్కూలుకి కట్టుకెళ్ళే నేత చీర. మడత జారిపోతోంది, మళ్ళీ వేస్తోంది.

"అక్కా, చెప్పాను కదా, ఏమీ రాదు."

నా వైపు చూడకుండానే చీర సంచిలోకి తోసింది.

బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "వెళ్ళనీ అమ్మాయ్," అన్నాడు. "పొద్దస్తమానం ఈ గోడల్నే చూస్తుంది. అక్కడికెళ్తే ఏదో అవుద్దని దాని ఆశ. అది తీసేసి నువ్వేం ఇస్తావు?"

మళ్ళీ ఆమె పక్కన ఉండగానే ఆమె గురించి చెప్పాడు. అక్క మాత్రం ఈసారి అతని వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపింది.

వరండాలోకొచ్చి సార్‌కి ఫోన్ చేశాను. వస్తున్నామని చెప్పాను. కాగితం తెలుగులో ఉండాలన్నాను, ప్రతి వాక్యం ఆమెకి నేనే చదివి వినిపిస్తానన్నాను, ఆమె వద్దంటే మధ్యలోనైనా ఆపెయ్యాలన్నాను. అన్నిటికీ సరేనన్నారు.

ఆయన చాలా సంతోషించారు. టికెట్లు వాళ్ళే తీస్తామన్నారు.